క్వయర్ క్రీము

ఆ రోజు స్కూలు వదిలాక నెల్లిమర్ల రోడ్డు మీద ఇంటికి నడిచి వస్తుంటే ముఖం మీద మిరపకాయ నూరి పూసినట్టు మంట పుట్టింది. అద్దంలో చూసుకుంటే రెండు బుగ్గలూ కందిపోయి ఉన్నాయి. ఎండదెబ్బ అనుకుని చన్నీళ్లు చల్లుకుని, అలవాటుగా మళ్లీ నా క్రీమే రాసుకున్నాను. దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది.

ముందు ఆ క్రీము సంగతి చెప్పాలి. నేను టీచర్ని. మా బాప్టిస్టు చర్చి క్వయర్లో పాడతాను. అందరి చేతుల్లోకీ స్మార్ట్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. క్రిస్మస్‌కి క్వయర్ అమ్మాయిలమంతా తెల్ల చీరల్లో దిగిన ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టాం. చివరున్న నల్లమ్మాయి ఎవరు, చీర ఒక్కటే కనబడుతోంది అని దాని కింద ఎవరో రాసి నవ్వు బొమ్మ పెట్టారు. ఆ చివరున్నది నేనే. అంతవరకూ నా రంగుతో నాకు ఏ తగువూ లేదు. ఆ రోజు మొదలైంది. ముఖాన్ని తెల్లగా చూపించే యాప్ వేసుకున్నాను. యాప్‌లో ముఖానికి లైకులు, అద్దంలో ముఖానికి నా తిట్లు. పాడుతున్నంతసేపూ ఎవరు ఫొటో తీస్తున్నారో అన్న ధ్యాసే.

అప్పుడే క్వయర్లో మేరీ అనే అమ్మాయి మందుల షాపు నుంచి ఒక ట్యూబు తెచ్చింది. వారం తిరిగేసరికి ముఖాలు తేటపడ్డాయి. ఇక ప్రాక్టీసుకి ముందు పాటల పుస్తకాలతో పాటు ఆ ట్యూబూ చేతులు మారేది. క్వయర్ క్రీము అని పేరు పెట్టుకుని మురిసిపోయాం.

మంట తగ్గక విజయనగరంలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ డెర్మోస్కోప్ అనే భూతద్దాన్ని బుగ్గకి ఆనించి చూసి, ఏం రాస్తున్నావని అడిగారు. బ్యాగులోంచి ట్యూబు తీసిచ్చాను.

"ఇది ఎలర్జీ కాదమ్మా, టాపికల్ స్టెరాయిడ్ డామేజ్డ్ ఫేస్. అంటే స్టెరాయిడ్ క్రీము రాసి రాసి ముఖం చర్మం దెబ్బతింది. ఈ క్రీము ఆపగానే ముందు ఇంకా ఎర్రబడుతుంది, రీబౌండ్ అంటాం. భయపడి మళ్లీ రాశావంటే కథ మొదటికొస్తుంది" అన్నారు.

ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఉన్న స్టెరాయిడ్ పేరుని వేలితో చూపించారు. రోజూ పిల్లల చేత ఇంగ్లీషు పాఠం చదివించే నేను ఆ ఒక్క మాటా చదవలేదు. ఆ సాయంత్రమే క్వయర్ అమ్మాయిలందరికీ ఫోన్ చేసి చెప్పాను.

డాక్టరమ్మ డాక్సీసైక్లిన్ మాత్రలు, టాక్రోలిమస్ అనే స్టెరాయిడ్ లేని పూతమందు, సన్‌స్క్రీన్ రాసిచ్చారు. ఎండ తగలకూడదన్నారు. రీబౌండ్ చెప్పినట్టే వచ్చింది. ముఖమంతా వాచి పొక్కులు లేచాయి. టాక్రోలిమస్ రాస్తే మొదట్లో అదీ మండింది. స్కూలుకి చున్నీ ముసుగుతో వెళ్లాను. చర్చి మానేశాను, పాట మానేశాను. అన్నిటికన్నా అదే ఎక్కువ నొప్పి. ఈస్టర్ దగ్గరపడింది. సమాధుల తోటలో తెల్లవారకముందు జరిగే ఆరాధనలో మొదటి పాట ఏటేటా నాదే. ఈసారి రానని కబురు చేశాను.

మా క్వయర్ని నడిపేది మా మేనత్త రత్నం. కబురు అందగానే వచ్చి మంచం మీద కూర్చుంది.

"ఒసే స్వర్ణా, నీ గొంతులో కూడా పొక్కులు లెగిసినాయేటే?"

లేదన్నాను.

"మరేటి నీ బాధ? సీకట్లో కదా పాడతాం. నీ ముకం దేవుడికి తప్ప ఎవులికి కనబడతాది?"

డాక్టరమ్మ వద్దన్నది ఎండే కదా, చీకటి కాదు. వెళ్లాను. సమాధుల మీద కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. మా నానమ్మ సమాధి పక్కనే నిలబడి చున్నీ తీసి పాడాను. ఆ క్రిస్మస్ తర్వాత మొదటిసారి ఫొటో ఊసే లేకుండా పాడాను. ఒళ్లంతా తేలికైపోయింది. పాట మీద పాట సాగింది. ఎప్పుడు వెలుగొచ్చిందో గమనించనే లేదు.

గమనించి గబుక్కున చున్నీ అందుకోబోతూ పక్కకి చూశాను. మేరీ బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఆ పక్కమ్మాయివీ అంతే, ఆ వెనకామెవీ అంతే. నేను ఫోన్ చేసి చెప్పాక అందరూ క్రీము ఆపేశారు, అందరికీ రీబౌండ్ వచ్చింది, ఎవరికి వాళ్లు చీకటే కదా అని ధైర్యం చేసి వచ్చారు. ఒకరి ముఖాలు ఒకరం చూసుకుని సమాధుల మధ్యే పగలబడి నవ్వాం.

"సూడండర్రా, నా క్వయరు టమాటా మడిలాగున్నాది" అంది అత్త, కళ్లు తుడుచుకుంటూ.

ఆ నవ్వుని ఎవరో ఫొటో తీశారు, అందులోనూ చివరున్నది నేనే. ఏ యాప్‌లోనూ దిద్దకుండా ఫేస్‌బుక్‌లో పెట్టమని నేనే చెప్పాను. తగ్గడానికి ఏడాది పైనే పట్టింది. నా పాత రంగు నాకు తిరిగొచ్చింది, చుట్టాన్ని చూసినంత సంతోషమేసింది. ఇప్పటికీ ఎండలోకి వెళ్తే కాస్త చురుక్కుమంటుంది.

మీరూ ఇలాంటిది రాస్తుంటే దాచుకోకుండా ఆ ట్యూబు పట్టుకుని చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లండి. మా క్వయర్లో కొత్తగా ఎవరు చేరినా నేను ముందు పాట నేర్పను. వాళ్ల బ్యాగులో ఉన్న ట్యూబు తీయించి, దాని మీదున్న చిన్న అక్షరాలు పైకి చదివిస్తాను. తర్వాత ఆ ఈస్టర్ ఫొటో చూపిస్తాను. చివరున్న నల్లమ్మాయి ఎవరని అడక్కముందే, నేనేనని చెప్తాను.