నా టీవీ ముందు, సారు ఫోను వెనక

ఇందుమూలముగా దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్, ఎల్బీనగర్ వాస్తవ్యులకు తెలియజేయునది ఏమనగా, మా ఫ్లెక్సీ షాపు ముందర గల నాలుగు ప్లాస్టిక్ కుర్చీలలో, కుడి చెయ్యి విరిగి కరెంటు వైరుతో కట్టబడిన నీలం కుర్చీ యందు నేటి నుండి ఎవరూ ఆసీనులు కారాదు. దానిపై హెల్మెట్ పెట్టరాదు. కూరగాయల సంచీ అసలే పెట్టరాదు. ఉల్లంఘించిన వారి ఫోటో, వారు బతికుండగానే, పది బై ఆరు సైజులో 'అశ్రునివాళి' అని ముద్రించి మెట్రో పిల్లరు పక్కన కట్టబడును.

ఈ ప్రకటన ఎందుకంటే, ఆ కుర్చీలో కూర్చునే మా డ్రిల్లు సారు మొన్న మంగళవారం పొద్దున పోయారు.

వాకింగ్‌కు బయల్దేరుతూ గడప మీద కూర్చుని, కుడికాలి బూటుకు లేసు కట్టుకుని, ఎడమకాలి బూటు చేతిలోకి తీసుకున్నారట. అమ్మ ఛాయ్ తెచ్చేసరికి గోడకు ఆనుకుని ఉన్నారు. సారు భార్యను మేమంతా అమ్మ అనే పిలుస్తాం. బూటు చేతిలోనే ఉందని చెప్పిందామె. గుండె. ఆ గుండెకు పోయినేడాది స్టెంటు వేసిన ఎల్బీనగర్ డాక్టరును నేను రెండుసార్లు అడిగాను, మూడు వారాల కిందట మేం చూసిన మ్యాచ్‌కూ దీనికీ ఏమైనా సంబంధం ఉందా అని. రెండుసార్లూ లేదన్నాడు. రెండోసారి జర విసుక్కున్నాడు కూడా. ఎందుకడిగానో చెబుతాను.

నేను అశ్రునివాళి ఫ్లెక్సీలు ఎన్ని కొట్టానో లెక్క లేదు. చనిపోయినవాళ్ల ఫోటోకు నల్ల మీసం పెట్టమంటే పెట్టాను, పక్కన తెల్ల పావురం పెట్టమంటే పెట్టాను. సారు ఫ్లెక్సీ మాత్రం పక్క షాపువాడితో చేయించాను. కంప్యూటర్లో ఆయన మొహాన్ని మౌసుతో పట్టుకుని అటూ ఇటూ లాగడం నా వల్ల కాలేదు.

సారు మా సర్కారు బడిలో డ్రిల్లు మాస్టరు. నేను ఆ బడిలో తొమ్మిది దాకా చదివాను. చదివాను అనేది పెద్ద మాట, వెళ్లాను. తొమ్మిదిలో ఉండగా ఒకరోజు సారు ఈలలో సబ్బు ముక్క ఇరికించాను. ప్రార్థనకు ఈల ఊదితే మోత రాలేదు, బుడగలు వచ్చాయి. మూడు వందల మంది నవ్వారు. సారు నవ్వలేదు, కొట్టలేదు. ఈల కడుక్కుని, జేబులో వేసుకుని, "ఎవడు చేసిండో వాడు నూరు రాళ్లు" అన్నారు. నా పేరు కూడా అడగలేదు. నేనే వరసలోంచి వెళ్లి ఆయన ముందు నిలబడ్డాను.

రాళ్ల సంగతి చెప్పాలి. సరూర్‌నగర్‌లో సారు హాకీ నేర్పిన గ్రౌండు నిండా రాళ్లే. హాకీకి ఎవరొచ్చినా ముందు పది రాళ్లు ఏరి గోడ అవతల వేయాలి, తర్వాతే కర్ర ముట్టాలి. "రాళ్లు ఏరినోళ్లకే కర్ర" అనేవారు. ముప్ఫై ఏళ్లు అన్ని బ్యాచ్‌లూ ఏరినా ఆ గ్రౌండులో రాళ్లు తగ్గలేదు. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. మా సందులో నడుస్తూ నడుస్తూ వంగి ఒక రాయి తీసి పక్కకు వేసేవారు. టీవీలో హాకీ ఆడే ఆ నీలం రంగు మైదానాలు చూసినప్పుడల్లా ఒకటే మాట, "ఒక్క రాయి లేదు సూడు. గీ పోరగాళ్లకు ఆకలి ఎట్ల తెలుస్తది?"

ఒకసారి ఆయన పుట్టినరోజుకు నేను 'యువ నాయకునికి జన్మదిన శుభాకాంక్షలు' అని నమస్కారం పెడుతున్న ఫోటోతో ఫ్లెక్సీ కొట్టి చౌరస్తాలో కట్టాను. అప్పటికి ఆయనకు అరవై ఎనిమిది. వచ్చి కింద నిలబడి, తల పైకెత్తి చాలాసేపు చూశారు. కోప్పడతారని నేను టీ బండి వెనక దాక్కున్నాను.

"ఫోటోల నా ఈల ఏదిరా?" అన్నారు బండి వైపు తిరగకుండానే.

అంతే. ఆయన్ను ఆటపట్టించడం అంటే గోడకు బంతి వేయడమే. తిరిగి మనకే తగులుతుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో హాకీ అభిమానుల సంఘం ఒకటుంది. సభ్యులు ముగ్గురు. సారు, నేను, మా మేడ మీద అద్దెకుండే గుంటూరు లెక్చరర్. ఆయన పక్క సందులోని కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాడు. క్రికెట్ ఉన్న రోజు మా సందంతా అరుపులు. హాకీ ఉన్న రోజు మా ముగ్గురి అరుపులకు పక్కింటివాళ్లు కిటికీ వేసుకుంటారు.

టీవీ షాపు లోపల, నా కంప్యూటర్ ఎదురుగా ఉంటుంది. బయట కుర్చీల్లోకి కనబడదు. సారుకు కంటి ఆపరేషన్ తర్వాత దూరం చూపు సరిగ్గా ఆనేది కాదు, ఫోను ముక్కుకు దగ్గరగా పెట్టుకుని చూసేవారు. నాకు ఒకరోజు ఒక సంగతి తెలిసింది. నా టీవీలో బొమ్మ ముందు వస్తుంది, సారు ఫోనులో వెనక వస్తుంది. లెక్చరర్ తర్వాత వాచీ పెట్టి కొలిచాడు. నలభై సెకన్లు.

నాలాంటివాడికి దేవుడు నలభై సెకన్లు ఊరికే ఇస్తే ఏం చేస్తాడు? టీవీ సౌండు ఆపేసి, లోపల్నుంచే, "సారూ, మనసుల ఏదో కొడుతుంది. ఇప్పుడు పెనాల్టీ కార్నర్ ఒస్తది" అనేవాడిని. నలభై సెకన్లకు వచ్చేది. "గోల్ పడదు సారూ, కీపర్ కాలు అడ్డం పెడతది." పెట్టేది. సారు "ఊఁ" అనేవారు. లెక్చరర్ మాత్రం మూడో మ్యాచ్‌కల్లా లోపలికొచ్చి నా చెవిలో, "అన్నయ్యా, మావాడికి కంప్యూటర్ సీటు వస్తుందంటారా?" అన్నాడు. ధ్యానం చేసి చెప్పాలి, అందుకు ముందు మటన్ బిర్యానీ పెట్టాలి అన్నాను. పెట్టాడు. వేళ్లు నాకుతూ సీటు వస్తుందని చెప్పాను. సీటు రాలేదు. వాచీ పెట్టి కొలిచింది అప్పుడే.

సారుకు చెప్పొద్దని అతన్ని బతిమాలాను. తర్వాత ఒకరోజు అమ్మ షాపుకొచ్చింది. ఆమె ఎప్పుడూ రాదు. నీలం కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"బిడ్డా, గుండెకు ఉరుకులాట వద్దన్నడు డాక్టరు. ఇంట్ల మ్యాచ్ పెట్టనియ్యకపోతే నీ దగ్గరికొస్తుండు. నువ్వు ముందుగాలనే చెప్తవంట గద."

మౌసు వదిలేసి లేచాను. "మీకెవరు చెప్పిన్రమ్మా?"

"ఆయననే. 'వాని టీవీ ముంగట, నా ఫోను ఎనక. నన్ను ఆగం చేస్తున్న అనుకుంటుండు వాడు, అనుకోనీ' అన్నడు. మొదటి దినమే తెలుసంట." ఆమె నవ్వలేదు. "గదే పని చెయ్యి. మంచైనా చెడైనా ముందు చెప్పు. తెలిసినంక చూస్తే గుండె ఉరకదు. ఒట్టు పెట్టు."

పెట్టాను. అంతదాకా నాకు ఆటగా ఉన్నది కాస్తా ఆ రోజు నుంచి డ్యూటీ అయింది. చెబితే మీరు నవ్వుతారు, నాకు మ్యాచ్ అంటే భయం పట్టుకుంది. టీవీలో ఏం జరిగినా అది ముందు నా నోట్లోంచి వెళ్లి ఆ ముసలి గుండెకు తగలాలి. 'గోల్ పడుతుంది వాళ్లకు, సారూ' అని ఎంత మెల్లగా చెప్పాలో అద్దం ముందు నిలబడి నేర్చుకున్నాను. ఎవరికో బీపీ అయితే మాత్ర నేను వేసుకుంటున్నట్టు ఉండేది.

ఇంతలో జూనియర్ అమ్మాయిల అంతర్జాతీయ పోటీ వచ్చింది. ఎక్కడో చలిదేశంలో. అందులో మా పిల్ల ఉంది.

మా పిల్ల అంటే సారు పిల్ల. తుర్కయంజాల్ నుంచి వాళ్ల నాన్న నీళ్ల ట్యాంకరులో పొద్దున్నే తెచ్చి సరూర్‌నగర్ గ్రౌండు దగ్గర దింపిపోయేవాడు. ఆరో తరగతిలో వచ్చినప్పుడు కర్ర ఆమె కన్నా పొడుగు. సారు పాత కర్ర ఒకటి కోసి, సైకిలు ట్యూబు ముక్కలు చుట్టి ఇచ్చారు. పది రాళ్లు ఏరమంటే ఇరవై ఏరేది. "ఎందుకే?" అంటే, "రేపటివి" అనేది. ఆ అమ్మాయిని ఎక్కువగా పొగడటం సారుకు ఇష్టం ఉండేది కాదు. బంతి కాళ్ల దగ్గర పెట్టుకుని వదలకుండా ఆడితే అరిచేవారు, "బంతి నీది కాదు బిడ్డా. జర సేపు నీ దగ్గర ఉన్నది, గంతే."

ఆ పోటీ జరిగినన్నాళ్లూ మా ముగ్గురికీ అన్నం సరిగ్గా దిగలేదు. పేపర్లో వెతికితే ఆటల పేజీలో కింద మూల, చెప్పుల ప్రకటన పక్కన, నాలుగు లైన్లు ఉండేవి. మా పిల్లను మొదటి మ్యాచ్‌లో దించలేదు. రెండోదాంట్లో ఐదు నిమిషాలు దించారు. సారు ఆ ఐదు నిమిషాలూ చేతిలో రాయి పట్టుకుని కూర్చున్నారు. గ్రౌండు రాయే, గోళీకన్నా కాస్త పెద్దది. భయం వేసినప్పుడల్లా జేబులోంచి తీసి గుప్పిట్లో తిప్పుతూ కుర్చీ చేతికి రుద్దేవారు. కూర్చున్నంతసేపూ ఆ కరకర వినబడేది. మేం వెనకబడినప్పుడల్లా, "ఇంక బతికే ఉన్నం, ఇంక బతికే ఉన్నం" అని ఆయనకు ఆయనే చెప్పుకునేవారు.

చివరి మ్యాచ్ మూడో స్థానం కోసం. సాయంత్రం, మా సందులో బండ్ల హారన్ల మధ్య. చెరి రెండు గోల్స్‌తో టైము అయిపోయింది. షూటౌట్. అంటే ఒక్కో ఆటగత్తె ఒక్కతే బంతితో కీపర్ మీదికి వెళ్లాలి, ఎనిమిది సెకన్లలో గోల్ వేయాలి. జట్టుకు ఐదుగురు. వాళ్లు ఐదూ ముగించి మా కన్నా ఒక గోల్ ముందున్నారు. మాకు ఒకటే మిగిలింది. పడితే సమానం, ఇంకా ఆడొచ్చు. పడకపోతే అంతే.

మా పిల్ల వచ్చి బంతి వెనక నిలబడింది, నా టీవీలో. సారు ఫోనులో ఇంకా అవతలి జట్టు ఐదో అమ్మాయే పరిగెడుతోంది.

బయట రాయి చప్పుడు ఆగిపోయింది. తల తిప్పి చూస్తే సారు ఫోను చూడటం లేదు. కుర్చీలో వెనక్కి తిరిగి, గుమ్మంలోంచి నా మొహం చూస్తున్నారు.

"మాస్టారూ, ఇటు చూడండి, వాళ్లమ్మాయి మన కీపర్ మీదికి వస్తోంది," అంటున్నాడు లెక్చరర్.

"ఆగవయ్యా," అన్నారు సారు. "ఏమైతదిరా? చెప్పు."

టీవీలో ఈల మోగినట్టుంది. మా పిల్ల కదిలింది. ఎడమకు వెళ్లినట్టు చేసి కుడికి తిప్పింది, సరిగ్గా సారు నేర్పినట్టు. కీపర్ పడిపోయింది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

"పడ్తది సారూ," అన్నాను.

సారు మొహం అప్పుడు చూడాలి. ఇన్నేళ్లలో నేను ఆయన పళ్లు అన్నీ చూసింది ఆ రోజే. ముందుకు తిరిగి, కళ్లద్దాలు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నారు. లెక్చరర్ తొడ మీద చరిచి, "గా పిల్ల ఇరవై రాళ్లు ఏరేది తెలుసా? రేపటివి కూడ ఇయ్యాలనే ఏరేది" అన్నారు. "సైకిలు ట్యూబు చుట్టిచ్చిన నేను" అన్నారు. "ఛాయ్ చెప్పురా మూడు" అన్నారు. ఇంత మాట్లాడే మనిషి కాదు. నలభై సెకన్లలో ఎన్ని మాటలు పడతాయో నాకు ఆ రోజే తెలిసింది.

బంతి పడింది. సమానం. ఇంక బతికే ఉన్నాం.

ఆ తర్వాతి సంగతులు పేపర్లో వచ్చాయి, మళ్లీ నేను రాయక్కర్లేదు. మూడు వారాలకు సారు పోయారు. మా పిల్ల క్యాంపు నుంచి నేరుగా వచ్చింది. ఏడవలేదు. ఇంటి ముందు టెంటు వేసిన చోట కిందికి చూసుకుంటూ నడిచి, వంగి ఒక్కో రాయీ తీసి గోడ పక్కన వేసింది. నేను లెక్కపెట్టాను. ఇరవై. అమ్మ నన్ను పక్కకు పిలిచి ఒకే మాట అడిగింది. "గా దినం ముందుగాలనే చెప్పినవా బిడ్డా?"

"చెప్పిన అమ్మా," అన్నాను.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ దీన్ని అమ్మకు చదివి వినిపించేది లెక్చరరే. అతను ఆ రోజు సారు పక్కనే కూర్చుని ఫోను చూశాడు. పైగా చచ్చిపోయిన మనిషి మీద కూడా నా వేషాలు వేస్తే సారు అక్కడ ఈల తీసి ఊదుతారు. కాబట్టి చెబుతున్నాను. పైన రాసిందంతా నిజం, ఒక్కటి తప్ప.

బంతి పడలేదు.

పడిపోయిన కీపర్ కాలు చాపింది. బంతి దానికి తగిలి బయటికి దొర్లింది. అది నేను టీవీలో చూశాకే సారుకు "పడ్తది" అని చెప్పాను. ఒట్టు పెట్టినవాణ్ని, మంచైనా చెడైనా ముందు చెప్పాల్సినవాణ్ని. ఆయన అలా నా వైపు తిరిగి కూర్చుంటే నా నోటికి వేరే మాట రాలేదు. మిమ్మల్ని కూడా నమ్మించాను. మీరు నమ్మారంటే, ఆ నాలుగు లైన్లు చెప్పుల ప్రకటన పక్కన మీకూ కనబడలేదన్నమాటే.

నలభై సెకన్ల తర్వాత సారు ఫోనులోనూ బంతి బయటికి దొర్లింది. ఆ దెబ్బ ఏమీ తెలియని గుండెకు తగిలింది. డాక్టరును రెండుసార్లు అడిగింది అందుకే. మూడోసారి కూడా అడుగుతానేమో.

లెక్చరర్ "అయ్యో" అన్నాడు. సారు ఫోను ఆపి చొక్కా జేబులో పెట్టుకున్నారు. లేచి లోపలికొచ్చారు. నేను కీబోర్డు వైపు చూస్తూ నిలబడ్డాను, తొమ్మిదో తరగతిలో నిలబడ్డట్టే.

"నలభై సెకండ్లు బతికించినవ్ గదరా," అన్నారు.

అని, నా చెయ్యి తీసుకుని తెరిచి, గుప్పిట్లోని రాయి అందులో పెట్టి, ఛాయ్ తాగకుండా వెళ్లిపోయారు. రాయి వేడిగా ఉంది.