అన్నయ్య చెరువు మీద నా ఉపవాసాలు

మా అన్నయ్య రొయ్యల చెరువు సర్వనాశనం కావాలని నేను ప్రతి శుక్రవారం ఉపవాసం ఉండి ప్రార్థన చేసేదాన్ని. సరదాకి చెప్పడం లేదు. పొద్దున కాఫీ చుక్క కూడా ముట్టకుండా బస్సెక్కి, అవనిగడ్డ బళ్లో సాయంత్రం దాకా పిల్లలకి లెక్కలు చెప్పి, ఇంటికొచ్చి చాప పరిచి మోకరించి, ప్రభువా, ఆ చెరువుకి తెల్లమచ్చ పంపించు అని అడిగేదాన్ని. రొయ్యలకి ఆ రోగం తగిలిందంటే చూస్తూ చూస్తుండగానే చెరువు ఖాళీ అయిపోతుంది. దేవుడు ఏ జలుబో దగ్గో పంపించి ఊరుకుంటాడేమోనని రోగం పేరు కూడా నేనే చెప్పేదాన్ని.

అన్నయ్య అంటే తోడబుట్టినవాడు కాదు, మా పెదనాన్న కొడుకు. కోడూరు దగ్గర మా ఊళ్లో వాళ్ల పొలం, మా పొలం పక్కపక్కనే, మధ్యలో ఒక్క గట్టు. మా నాన్న బతికున్నంతకాలం వరే వేస్తానన్నాడు. అన్నయ్య మాత్రం పెదనాన్న పోయిన మరుసటి వేసవిలోనే పొక్లెయిన్ దింపి తన వాటా మొత్తం రొయ్యల చెరువు తవ్వించాడు. రొయ్యలకి ఉప్పునీళ్లు కావాలి. ఆ ఉప్పు పక్క చేలోకి ఊరకుండా ఉండాలంటే చెరువు చుట్టూ కాలవ తవ్వాలి. తవ్విస్తానని మా నాన్న చేతిలో చెయ్యేసి మరీ చెప్పాడు. "బాబాయ్, మీ చేలోకి చుక్క ఉప్పునీరొస్తే నన్నడగండి" అన్నాడు.

తవ్వించలేదు. నాట్లు వేసిన వరి నిలదొక్కుకోకుండానే చివర్లు మాడిపోయింది. ఎండాకాలం వచ్చేసరికి మట్టి మీద ఉప్పు తెల్లగా పేరుకుంది. నాన్న వంగి, కాస్త వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని చూశాడు. తుపుక్కున ఉమ్మేసి ఇంటికొచ్చేశాడు. ఆ తర్వాత మళ్లీ పొలం వైపు వెళ్లలేదు. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. అలా కూర్చుని కూర్చునే పోయాడు. డాక్టరు గుండె జబ్బు అన్నాడు. ఆ జబ్బు పేరు గుండె కాదు, అన్నయ్య అన్నాను నేను, అందరూ వింటుండగా, శవం పక్కన నిలబడి.

నేను తిరగని చోటు లేదు. ఊళ్లో పెద్దమనుషులకి చెప్పాను. బందరు దాకా వెళ్లి అర్జీలిచ్చాను. అర్జీ మీద చేను చూడడానికని వచ్చిన ఆఫీసు మనిషి అన్నయ్య ఇంట్లో రొయ్యల వేపుడుతో భోంచేసి, పళ్లు కుట్టుకుంటూ నా ముందు నుంచే వెళ్లిపోయాడు. అన్నయ్య గుమ్మంలో నిలబడి నవ్వాడు. "ఎందుకమ్మా చెల్లెమ్మా ఎండన పడి ఈ తిరుగుడు? ఆ చేను నాకు లీజుకిచ్చెయ్యి. హాయిగా ఇంట్లో కూర్చుని తినొచ్చు" అన్నాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా పళ్లు పటపటలాడతాయి.

పోనీ, ఎవడో దారినపోయే దుర్మార్గుడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఈయన మా సంఘ పెద్ద. ఆదివారం గంజి పెట్టిన తెల్లచొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చుంటాడు. పాటలో చెయ్యి పైకెత్తుతాడు. చెరువులో రొయ్యలు పట్టించినప్పుడల్లా లేచి సాక్ష్యం చెప్తాడు, దేవుడు నా చెరువుని దీవించాడండీ అని. సంఘమంతా హల్లెలూయా అంటుంది. ఒకసారి నా పక్కన మా అమ్మ కూడా అంది. నేను గుడ్లురిమి చూస్తే, "అలవాటులో వచ్చేసిందే" అంది పాపం.

ఇలా ఉండగా ఒక ఏడాది ఉజ్జీవ కూడికలకి గుడివాడ నుంచి ఒక ప్రసంగీకుడిని పిలిచారు. ఆయన విగ్రహాల మీద మాట్లాడాడు. చెక్కా రాయీ మాత్రమే విగ్రహమని మురిసిపోకండి, పొద్దున లేవగానే మీ మనసు ముందుగా దేని దగ్గరికి పరిగెత్తుతుందో చూసుకోండి, అదే మీ దేవుడు అన్నాడు. అందరూ తలలు దించుకున్నారు. నేను మాత్రం తలెత్తి అన్నయ్య మెడ వైపు చూశాను. ఆహా, దొరికావు నాయనా! ఈ మనిషికి చెరువే దేవుడు. ఇన్నాళ్లూ నేను ఒక దొంగ మీద కోపగించుకుంటున్నాననుకున్నాను, తీరా చూస్తే విగ్రహారాధకుడి మీద పోరాడుతున్నానన్నమాట. నా పగకి దేవుడి దగ్గర్నుంచే అనుమతి వచ్చేసినట్టు సంబరపడ్డాను.

మరుసటి శుక్రవారం స్త్రీల కూడికలో ఎవరెవరి ప్రార్థన అంశాలు వాళ్లు చెప్తున్నారు. ఒకావిడ మోకాళ్ల నొప్పులంది, ఒకావిడ కొడుకు ఉద్యోగమంది. నా వంతు రాగానే, "మన ఊళ్లో విగ్రహారాధన కూలిపోవాలని ప్రార్థన చెయ్యండి" అన్నాను. ఎంత భారమో ఈ అమ్మాయికి అని అందరూ కరిగిపోయారు. ఒకావిడ నా తల మీద చెయ్యి పెట్టి ఏడ్చింది కూడా. నేను కూలమన్నది చెరువు గట్టని వాళ్లకేం తెలుసు?

మా దొడ్లో నిలబడితే ఆ చెరువు కనిపిస్తుంది. నీళ్ల మీద ఏరియేటర్ల రెక్కలు గిరగిరా తిరుగుతూ రొయ్యలకి గాలి అందిస్తుంటాయి. అవి ఆగితే నీళ్లలో గాలి చాలక రొయ్యలు చచ్చిపోతాయి. రోజూ పళ్లు తోముకుంటూ వాటినే చూసేదాన్ని. తిరుగుతున్నాయంటే ఒళ్లు మండిపోయేది. రాత్రి పడుకోబోయే ముందు కూడా ఆ చప్పుడు వినిపిస్తోందా లేదా అని చెవి పెట్టేదాన్ని.

ఈస్టరు నాడు మా సంఘం తెల్లవారకముందే సమాధుల దొడ్డికి వెళ్తుంది. ఎవరి వాళ్ల సమాధుల మీద వాళ్లు కొవ్వొత్తులు వెలిగించుకుని, పొద్దు పొడిచేదాకా పాటలు పాడుకుంటారు. ఎప్పుడూ ఆ కొవ్వొత్తుల వెలుగు, మా గొంతులు, అంతే. పోయిన ఏడాది అన్నయ్యకి అది చాల్లేదు. దొడ్డంతా లైట్లు వెలగాలి, మైకుండాలి, తన ప్రార్థన ఊరంతా వినాలి. దానికోసం కరెంటు పోతే ఏరియేటర్లు తిప్పడానికని చెరువు దగ్గర ఉంచే జనరేటర్ని ట్రాక్టరుకి తగిలించి సమాధుల దొడ్డికి పట్టుకెళ్లాడు. దాన్ని నడపడానికి చెరువు కాపలావాణ్ణి కూడా వెంట తీసుకెళ్లాడు. గంటసేపటికి ఏం కొంపలు మునుగుతాయిలే అనుకుని ఉంటాడు.

అమ్మ ఆడవాళ్లతో కలిసి ముందే వెళ్లిపోయింది. నేను పండగ వంట సగం చేసి, పొయ్యి ఆర్పి బయలుదేరబోతుంటే కరెంటు పోయింది. నాన్న సమాధి కోసం ఉంచిన కొవ్వొత్తి చీకట్లో దారికని వెలిగించుకుని చెరువు గట్టు మీదుగా నడిచాను. సగం దూరం వెళ్లాక గానీ అర్థం కాలేదు. చప్పుడు లేదు. ఏరియేటర్లు ఆగిపోయి ఉన్నాయి. షెడ్డు తలుపు తీసి ఉంది, లోపల జనరేటర్ లేదు, మనిషి లేడు. అప్పుడప్పుడే తెల్లవారుతోంది. రొయ్యలు అంచుల దగ్గరికి వచ్చేశాయి, వేలకి వేలు, మీసాలు నీళ్ల పైకి పెట్టి. కొన్ని ఎగిరి గట్టు మీద పడి కొట్టుకుంటున్నాయి.

హల్లెలూయా అన్నాను. మనసులో కాదు, పైకే. ఇన్ని శుక్రవారాల ఆకలి వృథా పోలేదు. కొవ్వొత్తిని గట్టు మట్టిలో గుచ్చి, కొంగు సర్దుకుని అక్కడే చతికిలబడ్డాను. నాన్నా, చూస్తున్నావా అన్నాను. ఒక్కొక్కటే వెల్లకిలా తిరుగుతుంటే నాకు కలిగిన ఆనందం ఏ పండక్కీ కలగలేదు. చావండి, చావండి అనుకుంటూ రెప్ప వెయ్యకుండా చూస్తూ కూర్చున్నాను.

సమాధుల దొడ్డి నుంచి మైకులో పాట వినిపిస్తోంది. ఎంతసేపు గడిచిందో తెలియదు గానీ, ఒక రొయ్య వచ్చి నా కాలి మీద పడితే దులుపుకోవడానికి చెయ్యి కదపబోయాను. రెండు చేతులూ జోడించి ఉన్నాయి. ఎప్పుడు జోడించానో నాకే తెలియదు. ఎదురుగా కొవ్వొత్తి వెలుగుతోంది. ఈస్టరు తెల్లవారుజామున సంఘమంతా దేవుడి దగ్గరుంటే, నేను దీపం పెట్టుకుని, చేతులు జోడించుకుని, అన్నయ్య చెరువు ముందు కూర్చున్నాను.

గుడివాడ ఆయన మాట అప్పుడు తగిలింది, చెంప మీద కొట్టినట్టు. పొద్దున లేవగానే ఈ చెరువు దగ్గరికి పరిగెత్తేది అన్నయ్య మనసో కాదో నాకు తెలియదు. నా మనసైతే పరిగెత్తేది. దేవుడితో నేను మాట్లాడిందెప్పుడు? ఫలానావాడి కాళ్లు విరగ్గొట్టి రా అని పురమాయించడానికి కిరాయి రౌడీని పిలిచినట్టు పిలిచేదాన్ని, అంతే.

సిగ్గుపడ్డానని రాస్తే బాగుంటుంది గానీ, నిజానికి నాకు ముందు వచ్చింది ఒళ్లెరగని కోపం. ఈ మనిషి మా చేను తిన్నాడు. మా నాన్నని తిన్నాడు. ఇవి చాలవన్నట్టు దేవుడు కూర్చోవలసిన చోట కూడా వీడే కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు, పైగా పీట వేసి కూర్చోబెట్టింది నేను! ఆ ఒక్క చోటు మాత్రం వీడికి ఇవ్వను. చచ్చినా ఇవ్వను.

ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఇక చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పరిగెత్తాను. నేను వెళ్లేసరికి అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు, అన్నయ్య మైకు పట్టుకుని ప్రార్థన చేస్తున్నాడు. ఆయన ప్రార్థన మొదలుపెడితే ఒక పట్టాన ముగించడు. సమాధుల మధ్య నుంచి నేరుగా వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"అన్నయ్యా, కరెంటు పోయింది. చెరువు చచ్చిపోతోంది" అన్నాను. ఆ మాట మైకులో ఊరంతటికీ వినపడింది.

కళ్లు తెరిచి నా మొహంలోకి చూశాడు. మైకు నా చేతిలో పడేసి ట్రాక్టరు వైపు పరిగెత్తాడు. కాపలావాడు వైర్లు పీకాడు. లైట్లన్నీ ఒక్కసారి ఆరిపోయాయి, మైకు మూగబోయింది. చూశారా, ఆమెన్ కూడా అనకుండా పరిగెత్తాడు అని నా లోపల ఎవరో చప్పట్లు కొట్టారు. నోరు ముయ్యి అని గదమాయించాను. మా అమ్మ, మైకు లేకుండానే, తన వణుకు గొంతుతో పాట ఎత్తుకుంది. మిగతావాళ్లూ అందుకున్నారు.

ఆరాధన అయ్యాక తిరిగివచ్చేటప్పుడు మళ్లీ ఆ గట్టు మీదుగానే వచ్చాను. ఏరియేటర్లు తిరుగుతున్నాయి. సగం దక్కాయట. మిగతా సగం వలలతో తోడి గట్టు మీద కుప్పలు పోస్తున్నారు. అన్నయ్య ఈస్టరు తెల్లబట్టల్లోనే మోకాలి లోతు బురదలో నిలబడి ఉన్నాడు. నన్ను చూసి దగ్గరికొచ్చాడు.

"నువ్వెప్పుడు చూశావమ్మా?" అన్నాడు.

"చాలాసేపైంది."

"చాలాసేపంటే?"

"గట్టు మీద కూర్చుని చూశాను. చావనీ అని కూర్చున్నాను."

మొహం పాలిపోయింది. "ఎంత మాట అంటున్నావే, మొహం మీదే! మరలాంటిదానివి వచ్చి ఎందుకు చెప్పావు?"

"నీకోసమైతే రాలేదు. నేను ప్రార్థన చేసుకోవాలి అన్నయ్యా. కళ్లు మూసుకుంటే చాలు, నువ్వే తగులుతున్నావు. ఇక నీకక్కడ చోటు లేదు."

అన్నయ్య గొంతు మెత్తగా చేసుకుని, బురద చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, నా తల నిమరబోయాడు. "పోన్లే చెల్లెమ్మా, జరిగిందేదో జరిగిపోయింది. పండగపూట దేవుడే మనల్ని కలిపాడనుకుందాం."

నేను ఒక అడుగు వెనక్కి వేశాను. "ఎవరూ ఎవర్నీ కలపలేదు. రేపు అవనిగడ్డలో లాయరు దగ్గరికి వెళ్తున్నాను. నీ మీద కేసు వేస్తాను."

"ఇప్పుడే కదే నా చెరువు కాపాడావు!"

"అది వేరు, ఇది వేరు. కాలవ తవ్వించు, లేకపోతే కోర్టులో కనపడు. ఇన్నాళ్లూ కోర్టుకి చెప్పాల్సినవన్నీ దేవుడికి చెప్పాను, నాదే బుద్ధితక్కువ."

"సంఘ పెద్దని, నా మీద కేసా?"

"పెద్దవాడివి కాబట్టే కేసు. నాకంటే చిన్నవాడివైతే చెవి మెలేసి తవ్వించేదాన్ని" అని వచ్చేశాను.

కాళ్లు కడుక్కుని మిగిలిన వంట పూర్తిచేశాను. అమ్మ రెండు పళ్లేలు పెట్టి అన్నం వడ్డించింది. "ప్రార్థన చెయ్యవే" అంది. కళ్లు మూసుకుని, ప్రేమగల తండ్రీ అన్నాను.

ఎప్పుడూ ఆ మాట అనగానే మిగతాది దానంతటదే తన్నుకొచ్చేది. చెరువు, గట్టు, ఉప్పు, నాన్న, అన్నయ్య నవ్వు, ఒకదాని వెనక ఒకటి. ఇవాళ అవేవీ అననని పట్టుబట్టి కూర్చున్నాను. పళ్లెంలోంచి వేడి మొహానికి తగులుతోంది. మళ్లీ, ప్రేమగల తండ్రీ అన్నాను. తర్వాత ఏం రాలేదు.

అమ్మ ఒక కన్ను తెరిచింది. "ఏమైందే?"

"ఏం మాట్లాడాలో తెలియట్లేదమ్మా."

"ఎవరితో, పైనున్న ఆయనతోనా?"

"ఊఁ. అన్నయ్య లేకుండా నా దగ్గర ఒక్క మాటా లేదు."

ఆ మాట అనేసరికి నాకు ఏడుపొచ్చింది. నాన్న పోయినప్పుడు కూడా నేను అలా ఏడవలేదు. అమ్మ నన్ను ఊరుకోమనలేదు. తన పళ్లెం కాస్త పక్కకి జరిపి, చీర చెంగు తల మీదకి లాక్కుని, మళ్లీ కళ్లు మూసుకుంది.

"అన్నం చల్లారితే చల్లారనీ. నిదానంగా వెతుక్కో" అంది.