నా రక్తం కోసం మా ఇంట్లో టీ ఆగిన వేసవి

ఆ రోజుల్లో మా అమలాపురం వైపు ఆడపిల్ల ఒంట్లో రక్తం ఎంతుందన్నది ఆ పిల్ల సొంత సంగతి కాదు, వీధి మొత్తానిది. నాకు నర్సు ట్రైనింగులో సీటొచ్చింది. వైద్య పరీక్షలో రక్తం ఎనిమిది గ్రాములని తేలింది. రెండు నెలల్లో పదికి రాకపోతే సీటు తర్వాతి పిల్లకి ఇచ్చేస్తామన్నారు. మర్నాటికల్లా "పాపం, ఆ పిల్లకి ఒంట్లో రక్తం లేదంటండి" అని ఊరంతా చెప్పుకున్నారు. (లేకపోవడమేమిటి? ఎనిమిది ఉంది. లెక్క లెక్కే.)

నన్ను పెంచిన మేనత్త వ్యవహారం తన చేతుల్లోకి తీసుకుంది. ఎర్రటిది తింటే రక్తమవుతుందని ఆవిడ సిద్ధాంతం. పొద్దున బీట్‌రూట్ కూర, రాత్రి బీట్‌రూట్ పచ్చడి. "రక్తం ఎముకల్లోపల మూలుగలో పుడుతుందత్తా. దానికి కావలసింది ఇనుము, రంగు కాదు" అన్నాను, పుస్తకంలో చదివిన ధైర్యంతో. "ఎముక తెల్లగా ఉంటది కదే, అందులోంచి ఎర్రదెలా వస్తది?" అంది. (దానికి జవాబు ఇప్పుడు నా దగ్గరుంది. అడగడానికి ఆవిడ లేదు.)

డాక్టరుగారిచ్చిన ఇనుము మాత్రలు మాత్రం దగ్గరుండి మింగించేది. ఈలోగా పరామర్శలు మొదలయ్యాయి. పాస్టరమ్మగారు ప్రార్థన తెచ్చారు, గల్ఫ్ నుంచి వచ్చిన బాబాయి ఖర్జూరం తెచ్చాడు, మిగిలినవాళ్ళు మళ్ళీ బీట్‌రూటే తెచ్చారు. వచ్చినవాళ్ళకి టీ ఇవ్వకపోతే మాకు అది గుమ్మంలోంచి గెంటినట్టే. వాళ్ళు తాగుతుంటే నేను ఊరికే కూర్చుంటే బాగోదని నాకూ ఓ గ్లాసు. మాత్ర ఆ గ్లాసుతోనే దిగేది.

నెల తర్వాత చూస్తే మళ్ళీ ఎనిమిదే.

"మాత్ర దేంతో వేసుకుంటున్నావమ్మా?" అన్నారు డాక్టరుగారు.

"టీతోనండి."

"రోజుకి ఎన్నిసార్లు తాగుతావు?"

"ఎంతమందొస్తే అన్నిసార్లండి" అంది మా అత్త, గర్వంగా.

ఆయన కలం పక్కన పెట్టారు. "టీ ఆ ఇనుముని ఒంటికి పట్టనివ్వదండి. మూలుగ పని చేస్తానంటోంది, సరుకు మీరే అందనివ్వట్లేదు. కొత్త రక్తకణం తయారవడానికే వారం పడుతుంది. ఇక ఉన్నది నెల. టీ మానిపించి, నిమ్మరసంతో ఇవ్వండి."

"ఆయ్" అంది అత్త.

నా ఒక్కదానికి మానిపిస్తే సరిపోయేది. మా అత్త ఏ పనీ సగం చేసే మనిషి కాదు. టీపొడి డబ్బా తీసుకెళ్ళి పక్కింట్లో ఇచ్చేసింది. "వాసనొస్తే పిల్ల ఆగలేదండి" అంటూ వచ్చినవాళ్ళందరికీ నిమ్మరసం పోసింది. కొత్తపేట పెద్దమ్మ గ్లాసులోకి తొంగి చూసి, "మాకేం జబ్బు లేదే అమ్మా" అంది. రాజోలు మావయ్యయితే, "చుక్క టీ పుట్టని కొంపలో రక్తమేం పుడతది" అని కండువా దులుపుకుని లేచాడు. వారం తిరక్కుండా చుట్టాలు ఆగిపోయారు, వాళ్ళతో బీట్‌రూట్లూ ఆగిపోయాయి. ఎవరి సలహాలూ లేకపోవడంతో నా మూలుగ తన పని తాను చేసుకుంది. గడువు నాటికి పది దాటింది.

నేను ట్రైనింగుకి బయల్దేరిన రోజు బస్టాండుకి అత్త తప్ప ఒక్కరూ రాలేదు.

"అందరికీ కోపాలొచ్చేశాయత్తా" అన్నాను.

"రానియ్యవే. చుట్టాలదేముంది, నీ పెళ్ళి భోజనానికి వాళ్ళే వస్తారు. పోయిన సీటొస్తదా?" అంది.

వచ్చారు కూడా, ఒక్కరు తగ్గకుండా.

నర్సుగా రిటైరయ్యాక కూడా, ఏ ఫంక్షనుకెళ్ళినా కనబడ్డ ఆడపిల్ల కింది కనురెప్ప లాగి, లోపల ఎరుపెంతుందో చూస్తాను. ఈమధ్య నేను వస్తున్నానంటే మా మనవరాళ్ళు నల్లకళ్ళద్దాలు పెట్టేసుకుంటున్నారట. పెట్టుకోనీ. నాలుక చూసినా తెలుస్తుంది.