మూడో మలుపుకు మార్కులు

పార్కు గేట్లు పదింటికి తెరుస్తారు. ఎనిమిదింటికల్లా ఆయన పెద్ద బండి చివరి పెట్టెలో, కుడిపక్క సీట్లో కూర్చుని ఉంటాడు. ముందు ఇసుక బస్తాలతో రెండు చుట్లు తిప్పుతారు. బస్తాలు క్షేమంగా తిరిగొస్తే ఆయన్ని ఎక్కిస్తారు. "బస్తాల తర్వాతే మనకు మర్యాద" అంటాడు.

పార్కులో రోలర్ కోస్టర్లు మూడు: పిల్లల బండి, మెలికల బండి, పెద్ద బండి. రోజూ మూడూ ఎక్కి దిగి, అట్ట ఊడిన పొడుగాటి రిజిస్టరులో ఒక్కోదానికి పదికి ఇన్నని మార్కులు వేయడం ఆయన ఉద్యోగం. పైకి గొలుసు లాగే తీరు, కిందికి దూకడం, మలుపులు, చివర బ్రేకు, అన్నిటికీ కలిపి ఒకటే అంకె. ఆరుకు తక్కువ పడితే ఆ బండి ఆ రోజు తెరవరు. ఆ మాటకు మేనేజరు కూడా అడ్డు చెప్పడానికి వీల్లేదు. పది మాత్రం ఎప్పుడూ వేయలేదు. ఇవాళ పది వేసేస్తే, రేపు ఇంకాస్త బాగా నడిచినప్పుడు ఏం వేయాలని ఆయన వాదన. అందరూ మార్కుల మాస్టారు అంటారు గాని, ఆయన బడికి వెళ్ళింది ఎనిమిదో తరగతి వరకే.

ఇరవై రెండేళ్ళ కింద రంగులేసే పనికి వచ్చాడు. పెద్ద బండి ఇనప స్తంభాలకు తాడు కట్టుకుని వేలాడుతూ రంగు పూస్తుంటే, పైన ఖాళీ బండి పోయినప్పుడల్లా స్తంభం ఆయన మోకాళ్ళలోకి వణికేది. నాలుగో రోజు కిందికి దిగి, చక్రాలు చూసే మెకానిక్కుతో "వెనకాల ఒక చక్రం సరిగ్గా దొర్లట్లేదు, ఈడుస్తోంది" అన్నాడు. మెకానిక్కు నవ్వాడు. విప్పి చూశాక నవ్వలేదు. ఆ నెల నుంచే బ్రష్షు పక్కన పెట్టించి బండెక్కించారు. ఒళ్ళే ఆయన పనిముట్టు. మెకానిక్కు దగ్గర కొలిచే సాధనాలు ఎన్నో ఉన్నాయి, అయినా "మాస్టారు ఏమన్నారు?" అని అడిగాకే సాధనాల పెట్టె మూసేవాడు.

ఆయన భార్య కూడా ఆ పార్కులోనే, సామాన్ల గదిలో పని చేస్తుంది. బండెక్కేవాళ్ళ సంచులు, చెప్పులు, కళ్ళద్దాలు తీసుకుని టోకెను ఇస్తుంది, దిగొచ్చాక తిరిగి ఇస్తుంది. పదహారేళ్ళుగా ఆమె ఏ బండీ ఎక్కలేదు. "మీతో కాపురం చాలదా, మళ్ళీ ఆ కుదుపులు కూడానా" అనేది. ఇంట్లోనూ ఆయన అన్నిటికీ మార్కులు వేస్తాడు. బస్సు డ్రైవరుకు నాలుగు, కొత్త దిండుకు ఎనిమిది. ఇన్నేళ్ళలో ఆమె కూర ఏడు దాటలేదు.

సెలవులు మొదలైన వారం అది. మధ్యాహ్నం సామాన్ల గది వెనక బల్ల మీద ఇద్దరూ తింటున్నారు. గిన్నె మూత పెడుతూ ఆమె అంది, "ఏమండీ, పెద్ద బండికి ఇవాళ ఎన్ని వేశారు?"

"తొమ్మిది. నిన్నా తొమ్మిదే. ఎందుకు?"

"దిగొచ్చినవాళ్ళు టోకెను ఇచ్చేటప్పుడు ఎడమ చెవి పట్టుకుంటున్నారు."

"భయపడ్డవాళ్ళు ఏదో ఒకటి పట్టుకుంటారు."

"భయపడితే గుండె పట్టుకుంటారు, పొట్ట పట్టుకుంటారు. మెలికల బండి దిగినవాళ్ళు అలాగే వస్తారు. అందరికీ ఎడమ చెవే భయపడుతుందా?"

ఆయన తినడం ఆపలేదు. "నేను రోజూ ఎక్కేవాణ్ణి. నువ్వు చెప్పులు లెక్కపెట్టేదానివి."

"అదేలెండి. చెప్పులు లెక్కపెట్టేదానికి చెవులెందుకు కనబడతాయి" అని ఆమె చేతులు కడుక్కోవడానికి లేచింది. కాసేపటికి తిరిగొచ్చి, తగ్గిన గొంతుతో, "ఇవాళ ఒక పిల్ల ఏడ్చుకుంటూ వచ్చింది. చెవిపోగు గుచ్చుకుంది. రక్తం వచ్చింది" అంది.

ఆయన గిన్నె పక్కకు జరిపాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె చీర కొంగు నడుముకు బిగించుకుని మెట్లెక్కి వచ్చింది. మెకానిక్కు చూసి, "అక్కా, మీరా?" అన్నాడు.

"పక్కన నేను కూర్చుంటా. బస్తా అనుకో."

భుజాల మీదికి దిగే కడ్డీలు బిగించారు. బండి గొలుసు పట్టుకుని పైకి పాకింది. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. మొదటి దూకుడులో దేవుళ్ళని పిలిచింది, రెండో దాంట్లో ఆయన్ని తిట్టింది. మూడో మలుపు కుడికి తిరుగుతుంది. అక్కడ ఆమె తల ఎడమకు విసురుగా పోయి కడ్డీకి కొట్టుకుంది. ఒక్కటే దెబ్బ, తలుపుకు కొట్టుకున్నట్టు.

బండి ఆగాక ఆమె చెయ్యి చెవి మీదే ఉంది.

"తగిలిందా?" అన్నాడు ఆయన.

"మీకు తగల్లేదా?"

"ఏమీ లేదే. మెత్తగా పోయింది."

ఆమె దిగలేదు. "ఇంకోసారి తిప్పమనండి" అంది.

ఈసారి కళ్ళు తెరుచుకునే ఉంది. దారి వైపు గాక మొగుడి వైపు చూసింది. ఆగగానే చెప్పింది, "మలుపు ఇంకా రాకముందే మీ తల కుడికి వంగిపోతోంది."

"నేనెక్కడ వంచాను?"

"వంచారు. బస్సులో పక్కవాడి భుజం మీద పడకుండా ముందే సర్దుకుంటారు చూడండి, అలా. మీకు తెలియకుండానే."

"ఇరవై రెండేళ్ళు..." అని మొదలుపెట్టి ఆపేశాడు. మెకానిక్కు వింటున్నాడు. కింద మైదానంలో చీపుర్లు నడుస్తున్నాయి. ఆయన కడ్డీ మళ్ళీ దించుకున్నాడు. "నువ్వు దిగు. నేనొక్కణ్ణే పోతా."

ఈసారి మోచేతులు ఒంటికి అదుముకుని, రెండు చేతులతో గడ్డం కింద పట్టుకుని, తల కదలనివ్వకుండా కూర్చున్నాడు. మూడో మలుపుకు ముందు మెడ తనంతట తాను కుడికి లాగడం అరచేతులకు తెలిసింది. గట్టిగా ఆపాడు. దెబ్బ ఎడమ చెవికి తగిలి దవడ దాకా దిగింది.

బండి వచ్చి ఆగింది. ఆయన చాలాసేపు కడ్డీ ఎత్తలేదు. ఎత్తాక మెకానిక్కుతో మూడో మలుపు చూడమన్నాడు.

మెకానిక్కు నిచ్చెనేసుకుని ఎక్కి చూసొచ్చాడు. మూడో మలుపులో పట్టాల అతుకు ఒకచోట గోరు మందం లేచి ఉంది. "కొలతల హద్దులోనే ఉంది మాస్టారూ. నెలనెలా కొలుస్తూనే ఉన్నా. కొంచెం కొంచెంగా లేచింది. మీరు తొమ్మిది వేస్తున్నారు కదాని నేను పట్టించుకోలేదు."

"ఎన్నాళ్ళయి ఉంటుంది?"

"ఏడాది, ఏడాదిన్నర. చెప్పలేను."

రోజూ చూసే పిల్ల ఎంత ఎదిగిందో ఇంట్లోవాళ్ళకు తెలియదు. అతుకు గోరంత లేచేలోపు మెడ కూడా గోరంత గోరంత నేర్చుకుంది. ఆయన రిజిస్టరు తెరిచి, పెద్ద బండి ఎదుట నాలుగు వేశాడు. తర్వాత ఆ పుస్తకం తీసుకుని తనే మేనేజరు గదికి నడిచాడు.

మేనేజరు గడియారం చూశాడు. కిటికీలోంచి గేటు బయట వరస కనబడుతోంది. "నిన్న తొమ్మిది, ఇవాళ నాలుగా? రాత్రికి రాత్రి ఏం పుట్టింది మాస్టారూ?"

రాత్రి ఏదో జరిగిందని అంటే సరిపోయేది. అతుకు బాగుచేస్తారు, మూడు రోజుల్లో బండి తెరుస్తారు, చివరి పెట్టెలో ఆయన సీటు ఆయనకే ఉంటుంది. మెకానిక్కు నోరు మెదపడు. భార్య సంగతి చెప్పక్కర్లేదు.

"నిన్నటిది తప్పు" అన్నాడు.

"నిన్నటిదేనా?"

"కాదు. ఏడాది పైనుంచీ తప్పే. బండి ఎప్పుడు విసురుతుందో నా ఒంటికి ముందే తెలిసిపోతోంది. ఇక నేను వేసే మార్కులు నమ్మకండి."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. కోప్పడాలో ఏం చేయాలో అతనికి తోచినట్టు లేదు. "మరి ఎవరు ఎక్కుతారు? మీలాంటివాణ్ణి ఎక్కడి నుంచి తేను?"

"నాలాంటివాడు వద్దు. అలవాటు లేనివాళ్ళు కావాలి. వారానికొకరు. తోటమాలి, గేటు కాడి మనిషి, ఎవరైనా. దిగాక నేను అడుగుతాను."

"మీరు ఎక్కరా?"

"ఎక్కను."

ఆ సాయంత్రం ఇంటికెళ్ళే బస్సులో భార్యాభర్తలు ఎప్పటిలా పక్కపక్కనే కూర్చున్నారు. దిగేచోటు దగ్గర పడ్డాక ఆమె, "నేను మాట్లాడకుండా ఉండాల్సింది" అంది.

"ముందే మాట్లాడాల్సింది" అన్నాడు ఆయన. కసిరినట్టు లేదు. బస్సుకు మాత్రం ఆ రోజు మార్కులు వేయలేదు.

మూడు వారాలు గడిచాయి. అతుకు సరిచేశాక తోటమాలి ఒక వారం ఎక్కాడు, టిక్కెట్టు గదిలో పిల్ల ఒక వారం ఎక్కింది. మూడో వారం క్యాంటీను వంటమనిషి వంతు. అతను బరువైన మనిషి. కడ్డీ బిగించడానికి ఇద్దరు కావాల్సొచ్చింది.

"మాస్టారూ, నాకేమన్నా అయితే మా ఆవిడకి చెప్పండి, మీరే పంపారని."

"ఏమీ కాదు. పళ్ళు బిగించకు, ఒళ్ళు వదిలేయ్. ఎక్కడ ఏం తగిలిందో అదొక్కటే గుర్తుపెట్టుకో."

బండి బయల్దేరింది. ఆయన రిజిస్టరుతో బండెక్కే వేదిక చివర నిలబడి వింటున్నాడు. గొలుసు, దూకుడు, మలుపులు, బ్రేకు. అంతా ఒకటే పాటలా జారిపోయింది. మనసులో ఎనిమిదిన్నర పడింది.

వంటమనిషి దిగి, స్తంభం పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు.

"ఎన్ని?"

"ఆరు."

"ఆరేమిటి? ఎక్కడ పోయాయి నాలుగు?"

"పైకి లాగేటప్పుడు సగంలో ఒకచోట ఆగి, మళ్ళీ అందుకున్నట్టు అయింది. నడుం దగ్గర గుంజింది."

"అది ఎప్పుడూ అంతే" అన్నాడు ఆయన.

అన్న తర్వాత ఆ మాట ఆయనకే వినబడింది. వంటమనిషి నుదుటి చెమట తుడుచుకుంటూ, "అయితే సరేలెండి, మీకు తెలియందేముంది. ఎనిమిది వేసుకోండి" అన్నాడు.

"ఎంతన్నావ్ ముందు?"

"ఆరు."

ఆయన ఆరు వేశాడు. మెకానిక్కును కేకేసి గొలుసు విప్పి చూడమన్నాడు. అంకె పక్కన తను ఇన్నేళ్ళు సంతకం పెట్టిన గడి ఖాళీగా ఉంది. పుస్తకం తిప్పి, పెన్ను వంటమనిషి చేతికిచ్చాడు.

"నేనా మాస్టారూ?"

"ఎక్కింది నువ్వే కదా" అన్నాడు ఆయన, రిజిస్టరు జారకుండా కింద చెయ్యి పట్టి.