స్లాబు మీద మడులు

మా పాత ఇంటికి నాపరాళ్ల కప్పు. రాయికీ రాయికీ మధ్య సున్నం ఊడిపోయి, వానొస్తే ఇంట్లో ఎక్కడ చూసినా గిన్నెలే. ఏ గిన్నె ఎక్కడ పెట్టాలో మా అత్తకి కళ్లు మూసుకున్నా తెలుసు. ఆ టప టప వినీ వినీ నాకు విసుగెత్తింది. చుక్క కారని ఇల్లు కావాలని పట్టుబట్టి, పక్కనే గోడలు లేపించి, పోయిన వేసవిలో స్లాబు పోయించాను.

"సిమెంటేందే, సిమెంటు! పక్కవీధి బాబాయి వాళ్లది ఏడాదికే పగల్లేదూ?" అంది అత్త.

పగిలిన మాట నిజమే. మండుటెండల్లో పోసి, నీళ్లు సరిగ్గా పెట్టలేదు వాళ్లు.

"మనది పగలదత్తా. నేను పగలనివ్వను" అన్నాను.

పోసిన మర్నాడే స్లాబు మీద చిన్న చిన్న గట్లు వేసి, వరి మడుల్లా నీళ్లు నింపాం. రెండు వారాలన్నా ఆరనివ్వొద్దని మేస్త్రీ చెప్పి వెళ్లాడు. పల్నాడు ఎండ ఊరుకుంటుందా? పొద్దున నింపితే మధ్యాహ్నానికి అడుగు కనిపించేది. వారం తిరక్కుండానే బోరు కూడా చేతులెత్తేసింది.

"ఇక చాల్లేవే, గట్టిపడిందిగా" అన్నాడు మా ఆయన, స్లాబుని కాలితో తన్ని చూసి.

నాకు ఒళ్లు మండింది. రేపు కారితే రాత్రంతా గిన్నెలు మార్చేది ఆయనా? బండికి చెరో పక్క బిందె కట్టుకుని, ఊరి చివర ట్యాంకు దగ్గరికి తిరగడం మొదలుపెట్టాను. తెచ్చిన నీళ్ల తడి నిలవాలని కొట్టంలో ఉన్న పాత గోతాలు పరిచి తడిపాను. అవి మిరపకాయల గోతాలని గుర్తు రాలేదు, నా మొహం మండ! ఎండకి ఘాటు లేచి వీధి వీధంతా ఒకటే తుమ్ములు.

"ఏందే, ఇంటికి పోపేస్తున్నావా?" అని ఎదురింటి పిన్ని ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని అరిచింది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒక్క గోతం కూడా తియ్యలేదు. తుమ్ముతూనే తడిపాను. సిగ్గేసిందో ఏమో, ఆ మర్నాడు మా ఆయనే బండి తాళం అడిగి తీసుకున్నాడు.

తలుపులు బిగించీ బిగించకముందే కొత్త ఇంట్లో దిగాం. మొదటి పెద్ద వాన పడిన సాయంత్రం, అత్త అలవాటు కొద్దీ గిన్నెలన్నీ తెచ్చి నట్టింట్లో పరిచింది. మంచం మీద కూర్చుని కప్పుకేసి చూస్తోంది. నేనూ చూస్తున్నాను. బయట కుండపోత. లోపల ఒక్క గిన్నె కూడా మోగలేదు.

చాలాసేపటికి అత్త లేచి, గిన్నెలన్నీ ఒకదాంట్లో ఒకటి పెట్టి నా చేతికిచ్చింది.

"తీసుకెళ్లి బయట స్లాబు నీళ్లు పడే గొట్టం కింద పెట్టు. ఎండాకాలమంతా నీళ్లకి చచ్చాంగా."