మౌస్ పని చేయాలంటే మౌస్ కావాలి

కడపలో మా ఇంటి ముందు గదిలో నా భార్య పెళ్లి పత్రికలూ, బడుల ప్రశ్నపత్రాలూ టైపు చేసి ఇస్తుంది. ఆమె వాడే తెలుగు టైపింగు ప్రోగ్రాము పాతది. పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లో తప్ప నడవదు. కంప్యూటరేమో పేజీ తెరవడానికి టీ తాగేంత సేపు తీసుకునేది. పోయిన వేసవిలో నేను కొత్త మదర్‌బోర్డు, ప్రాసెసరు, వాటితోపాటు కొత్త కీబోర్డు కొనుక్కొచ్చి బిగించాను. పాత హార్డ్ డిస్కును, అందులోని సిస్టమ్‌ను అలాగే ఉంచాను. కొత్త బోర్డుతో మాట్లాడటం పాత సిస్టమ్‌కు నేర్పే డ్రైవర్లను షాపతను ముందే ఆ డిస్కులో వేసిచ్చాడు.

"ఏం లేదు సార్, ఆన్ చేసి ఒక్క క్లిక్ కొడితే సాలు," అన్నాడు.

ఆన్ చేశాను. తెర మీద నా భార్య పెట్టుకున్న గులాబీల బొమ్మ వచ్చింది. మౌస్ మాత్రం కదల్లేదు. కీబోర్డూ పలకలేదు. షాపుకు ఫోన్ చేస్తే సంగతి తేలింది. మౌసూ కీబోర్డూ తగిలించే కొత్త బోర్డులోని యూఎస్‌బీ రంధ్రాలు పాత సిస్టమ్‌కు తెలియవు. వాటికీ డ్రైవర్ ఉంది, డిస్కులోనే ఉంది. దాన్ని నొక్కాలంటే మౌస్ ఉండాలి.

"అంటే మౌస్ పని చేయాలంటే మౌస్ పని చేయాలంటాడా?" అంది నా భార్య.

"అంతే."

"నువ్వేమంటివి?"

"సరేనన్నాను."

ఆమె కదలని మౌస్‌ను నా చేతిలో పెట్టి వంటింట్లోకి పోయింది.

ఒక దారి మిగిలింది. బోర్డు వెనక పాతకాలపు గుండ్రటి పిన్ను రంధ్రం ఒకటి ఉంది. దాన్ని పాత సిస్టమ్ డ్రైవర్ లేకుండానే గుర్తుపడుతుంది. ఆ రకం కీబోర్డు దొరికితే చాలు. ఊరవతల బండల వ్యాపారి ఆఫీసులో చూసిన గుర్తుతో వెళ్లాను. ఆయన టేబులు మీద కీబోర్డూ మానిటరూ ఉన్నాయి. కంప్యూటరే లేదు.

"యాడికి పోయిందన్నా?"

"అది కాలిపోయి శానా ఏండ్లాయె. ఇవి ఉంటే వచ్చినోళ్లు మర్యాదగా బేరం చేస్తారప్పా."

"కీబోర్డు ఒక్క పూట ఇస్తావా?"

"టేబులు బోసిపోతాది. రాజంపేట పార్టీ వస్తాండాది. బదులు ఏం పెడతావు?"

ఇంటికి వెళ్లి మా కొత్త కీబోర్డు తెచ్చి పెట్టాను. దాని తీగను ఆయన సొరుగులోకి తోసి మూశాడు. నేను బయలుదేరేసరికి రాజంపేటాయన వచ్చి కూర్చున్నాడు. వ్యాపారి నాలుగు మీటలు నొక్కి, నల్లటి తెర వైపు కళ్లు చిట్లించి, "ఆ రేటుకు రాదప్పా, ఈడ సూపిస్తాండాది సూడు," అన్నాడు. రాజంపేటాయన తొంగి చూడబోయి, బాగుండదనుకున్నాడేమో, వెనక్కి వాలాడు.

ఇంట్లో ఆ పాత కీబోర్డును బోర్లించి కొడితే గుప్పెడు రాతిపొడి రాలింది. కంప్యూటరు ఆపి, దాన్ని తగిలించి, మళ్లీ ఆన్ చేశాను. బాణం మీటలతో ఫైళ్ల మధ్య మెల్లగా జరుగుతూ పోయి డ్రైవర్‌ను పట్టుకుని ఎంటర్ కొట్టాను. కాసేపటికి తెర మీద బాణం గుర్తు కదిలింది. పనేమీ లేకపోయినా మౌస్‌ను అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను. నా భార్య దాన్ని లాక్కుని తనూ తిప్పింది.

సాయంత్రం కీబోర్డు తిరిగివ్వడానికి వెళ్తే వ్యాపారి టీ తెప్పించాడు.

"బేరం కుదిరింది. నీది శానా కలిసొచ్చింది. ఈడనే ఉండనీలే."

"అన్నా, అది కొత్తది. మాకు పనికి కావాలి."

"నాకు మాత్రం పనికి కాదా?"

టీ తాగి, పాత కీబోర్డునే మళ్లీ చంకలో పెట్టుకుని వచ్చేశాను. రాత్రికల్లా ఇవ్వాల్సిన పెళ్లి పత్రికను నా భార్య ఆ పాత కీబోర్డు మీదే టైపు చేసింది. మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదిలే మీట పట్టేసింది. ఖాళీ వదలాల్సి వచ్చినప్పుడల్లా ఆమె దాన్ని పిడికిలితో గుద్దుతూనే ఉంది, పక్కింటావిడ వచ్చి ఏమైందని అడిగేదాకా.