అమ్మాయి కుడి చెవి

మిత్రులారా, ఈ సంతోషం మీకు చెప్పకుండా పడుకోలేను. నేను అమెరికాలో, చాండ్లర్‌లో మా పెద్దమ్మాయి దగ్గరున్నాను. అమ్మాయికి పోయిన వారం నిద్ర లేచేసరికి కుడి చెవి బొత్తిగా వినిపించలేదు. స్పెషలిస్టు అపాయింట్‌మెంటు రేపటికి గాని దొరకలేదు. ఒక్క మాత్ర కూడా మొదలుపెట్టలేదు. హైదరాబాదులో మా అబ్బాయి దగ్గరున్న మా ఆవిడకు ఈ సంగతి చెప్పలేదు. చెబితే వెల్లుల్లి నూనె కాచి పొయ్యమంటుంది. అపాయింట్‌మెంటు ఇచ్చిన నర్సేమో చెవిలో చుక్క కూడా వెయ్యొద్దంది.

ఈ సాయంత్రం మా ఆవిడ ఫోన్ చేసింది. అమ్మాయి చపాతీలు కాలుస్తూ, పాత అలవాటు కొద్దీ ఫోన్ను కుడి భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని కబుర్లలో పడింది. నేను చూసి అక్కడే నిలబడిపోయాను.

"అమ్మడూ, అది ఏ చెవే?"

"ఉండండి నాన్నా, అమ్మ ఆవకాయ గురించి..." అంటూ ఆగిపోయింది. "నాన్నా! వినిపిస్తోంది నాన్నా!"

"ఏం వినిపిస్తోందే? ఏమైందే?" అని ఫోన్లో మా ఆవిడ కేకలు.

చెప్పక తప్పలేదు. ఇన్నాళ్లు దాచామని తిట్లు లంకించుకుంది. అమ్మాయి ఫోన్ను ఆ చెవికే అదిమి పెట్టుకుని, "తిట్టమ్మా, ఇంకా తిట్టు" అంటూ ఏడుస్తూ నవ్వుతోంది.

రేపు డాక్టరుకు ఎలాగూ చూపిస్తాం. నేను మాత్రం అప్పటి నుంచీ కొయ్యబారి కూర్చున్నాను. దేవుడికి దండం పెడదామన్నా చేతులు లేవడం లేదు. మహదానందం వస్తే మీకూ ఇలాగే ఒళ్లు మొద్దుబారుతుందా, కాస్త చెప్పండి.